మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకు పంటి వైద్యం: ముందు డోసు సంగతి

చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల పాడైన గుండెలోని మైట్రల్ వాల్వు తీసి నాకు మెటల్ వాల్వు పెట్టారు. తర్వాత దానికే ఇన్ఫెక్షన్ పట్టింది, ఎండోకార్డైటిస్. విడవని జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, బరువు తగ్గడం. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, తేలింది నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి. ఆరు వారాలు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాక నయమైంది. ఇప్పుడు నాలాంటివాళ్ళు చిగుళ్ళలో చెయ్యిపడే ఏ పనికైనా, అంటే పన్ను పీకించడం, రూట్ కెనాల్, క్లీనింగ్ లాంటివాటికి, నోటి క్రిములు రక్తంలోకి వెళ్ళి వాల్వును పట్టకుండా ముందు ఒక యాంటీబయాటిక్ డోసు వేసుకోవాలి.

మామూలుగా అది అమోక్సిసిలిన్ 2 గ్రాములు: 500 మి.గ్రా. క్యాప్సూల్స్ నాలుగూ ఒకేసారి, పని మొదలుకావడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు. పిల్లలకు కిలో బరువుకు 50 మి.గ్రా., పెద్దల డోసు దాటకుండా. తేడా వచ్చేది టైము దగ్గరే. పదింటికి రమ్మన్న క్లినిక్‌లో కుర్చీ ఎక్కేసరికి మధ్యాహ్నం కావచ్చు. కాబట్టి మందు ఇంట్లో మింగేసి బయల్దేరకుండా వెంట తీసుకెళ్ళి, మన వంతు ఖాయమయ్యాక వేసుకుని అరగంట ఆగమనడం మేలు. మరిచిపోతే పని అయ్యాక 2 గంటల్లోపు వేసుకోవచ్చు. నివారణకు ఈ ఒక్క డోసు చాలు. ఐదు రోజుల కోర్సు రాస్తే, అది పంటిలో ఉన్న చీముకా, గుండె కోసమా అని అడగండి.

నాకు మాత్రం అమోక్సిసిలిన్ సరిపోదు. రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ ఇంజెక్షన్ పడుతోంది. అమోక్సిసిలిన్ కూడా ఆ జాతిదే. అలా పెనిసిలిన్ వాడుతూ ఉంటే నోట్లోని క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి, అందుకని వేరే జాతి మందు కావాలి: అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. లేదా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పెనిసిలిన్ పడనివాళ్ళకూ ఇవే. పెనిసిలిన్ పడనివాళ్ళలో కొందరికి సెఫాలెక్సిన్ 2 గ్రాములు కూడా ఉంది గానీ, పెనిసిలిన్‌కు దద్దుర్లో, గొంతు వాపో, ఆయాసమో వచ్చినవాళ్ళు దాని జోలికి పోకూడదు. పాత చీటీల్లో కనిపించే క్లిండామైసిన్‌ను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో పక్కన పెట్టేసింది. ఒక్క డోసుతోనూ ప్రమాదకరమైన విరేచనాలు రావచ్చు.

రక్తం గడ్డకట్టకుండా అసిట్రామ్ మాత్ర వాడేవాళ్ళు దాన్ని సొంతంగా ఆపకూడదు, వాల్వులో గడ్డ కడుతుంది. ముందురోజు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) చూపించుకుని, ఆ కాగితం పళ్ళ డాక్టరుకిచ్చి, గుండె డాక్టరుతో ఒకసారి మాట్లాడమనాలి. ఈ ముందు డోసును కండకు ఇంజెక్షన్‌గా వద్దనండి, లోపల రక్తం గూడు కడుతుంది.

స్టెంటు, బైపాస్, పేస్‌మేకర్ ఉన్నంత మాత్రాన ఈ డోసు అక్కర్లేదు. కృత్రిమ వాల్వు, గతంలో ఎండోకార్డైటిస్, కొన్నిరకాల పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, ఇవీ అసలు లెక్కలోకొచ్చేవి. ఎక్స్‌రేకూ, పాలపళ్ళు ఊడటానికీ ఎవరికీ అవసరం లేదు. బ్రష్ చేసినా, నమిలినా క్రిములు కాస్తో కూస్తో రక్తంలోకి వెళుతూనే ఉంటాయి కాబట్టి, నన్నడిగితే మాత్రల కంటే చిగుళ్ళు బాగుండటమే పెద్ద కాపు.

డోసు వేసుకున్నా పూర్తి భరోసా లేదు. పంటి పని అయిన వారాల్లో కారణం తెలియని జ్వరం వస్తే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకోవద్దు. దానివల్ల జ్వరం తగ్గినట్టే ఉంటుంది, కల్చర్‌లో మాత్రం క్రిమి దొరకదు. ముందు వేర్వేరు చోట్ల నుంచి మూడు బ్లడ్ కల్చర్లు తీయించి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టమనండి.