మైకు ముందు లెక్కల పంతులమ్మ

కందుకూరు చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా గణితం బోధించి, పదవీ విరమణ చేసినదాన్ని నేను. తరగతి గదిలో నలభై ఐదు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడగలిగిన నాకు, అదే ఆవరణలో, అదే పిల్లల ముందు, మైకు పట్టుకొని రెండు నిమిషాలు నిలబడవలసి వస్తే మాత్రం నోరు ఎండిపోయేది. తరగతిలో చూపు మరల్చుకోవడానికి నల్లబల్ల ఉంటుంది; లెక్క తానే మనల్ని ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు నడిపిస్తుంది. వేదిక మీద ఆ రెండూ ఉండవు. ఆ భయం ఎలా పోయిందని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అడుగుతుంటారు. అది పోలేదు. భయం ఉండగానే ఏ సభకు ఎలా సిద్ధం కావాలో, చాలాసార్లు భంగపడి, కొంత నేర్చుకున్నాను.

కొత్తవారికి వందన సమర్పణ అప్పగించడం మా బడుల్లో ఆనవాయితీ. చివర్లో నాలుగు పేర్లు చదివితే చాలు కదా, తేలికైన పని అని అందరి నమ్మకం. నా మొదటి వార్షికోత్సవంలో నేనూ అలాగే నమ్మి, ముఖ్య అతిథి మొదలుకొని ప్రధానోపాధ్యాయుల వరకు అందరినీ పొగిడి, షామియానా ఉచితంగా ఇచ్చిన ఊరి పెద్దాయన పేరు మరిచిపోయాను. ఆయన మూడో వరుసలో కూర్చొని చివరి దాకా ఎదురుచూశారట. తర్వాత రెండేళ్లు షామియానా అడగడానికి ఎవరు వెళ్లినా, ‘ఆ టీచరమ్మకు నా పేరు గుర్తొచ్చినాక పంపిస్తాలే’ అన్నదే సమాధానం. ఆనాటి నుంచి వందన సమర్పణ నా వంతు వచ్చినప్పుడల్లా ముందురోజు సాయంత్రమే పేర్ల పట్టిక రాసుకొని, ఇంటిపేర్లతో సహా ప్రధానోపాధ్యాయులకు ఒకసారి, అటెండరుకు ఒకసారి చూపించేదాన్ని. ఎవరు బెంచీలు మోశారో, ఎవరింటి నుంచి కరెంటు తీగ లాగామో అటెండరుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సభ మధ్యలో వచ్చేవారి కోసం కాగితం మీద మూడు గీతలు ఖాళీగా వదిలేదాన్ని. ప్రసంగం మాత్రం రెండు నిమిషాలు దాటనిచ్చేదాన్ని కాదు, ఎందుకంటే అప్పటికే సగం మంది కుర్చీల అంచుకు జరిగి, జనగణమన కోసం కాచుకొని ఉంటారు.

అతిథి పరిచయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకసారి అతిథిగారు పంపిన నాలుగు పుటల జీవిత విశేషాలను అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఆయన లేచి, ‘నా గురించి నాకే తెలియనివి మేడంగారు చెప్పారు, ఇక నేను కూర్చుంటాను’ అని నవ్వించారు. నవ్వు నా మీదేనని అందరికీ తెలుసు. అప్పటి నుంచి ఆయన ఎవరు, ఈరోజు ఈ సభకు ఎందుకు వచ్చారు అన్న రెండు సంగతులకు మించి చెప్పలేదు. పేరును ఎలా పలకాలో మాత్రం వారినే అడిగి తెలుసుకొనేదాన్ని.

జయంతి ప్రసంగాల దగ్గర నాకు ఎక్కువ కాలం పట్టింది. ఆగస్టు 23న టంగుటూరి ప్రకాశం పంతులుగారి జయంతి మా ప్రాంతపు బడులకు పండుగ లాంటిది. తొలి సంవత్సరాల్లో గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చుకొని, 1872లో వినోదరాయునిపాలెంలో జన్మించారని మొదలుపెట్టి, 1957 మే 20న మరణించారని ముగించేదాన్ని. మధ్యలో ఉన్నవన్నీ తేదీలే. ఎండలో కూర్చున్న పిల్లలు ఇసుకలో బొమ్మలు గీసుకొనేవారు. ఒక ఏడాది ప్రసంగం ముగిశాక ఆరో తరగతి పిల్ల నా దగ్గరకు వచ్చి, ‘మేడం, ఆయన గుండె చూపించాడన్నారు, డాక్టరుకా?’ అని అడిగింది. ‘గుండీలు విప్పి వక్షస్థలం చూపిన ధీరోదాత్తుడు’ అని పుస్తకంలో ఉన్న వాక్యాన్ని నేను యథాతథంగా వల్లించానే గాని, ఎవరికి చూపించారో, ఎందుకు చూపించారో ఒక్క ముక్కయినా చెప్పలేదని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడాది కాగితం మొత్తం తిరగరాశాను. పుట్టిన తేదీతో కాకుండా, తండ్రి చనిపోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచిన తల్లితో మొదలుపెట్టాను. మెస్సు నడిపే ఇళ్లు, కర్రీపాయింట్లు పెట్టుకున్న అమ్మలు మా పిల్లలకు బాగా తెలుసు కాబట్టి మొదటి నిమిషంలోనే తలలు పైకి లేచాయి. అక్కడి నుంచి నేరుగా 1928 ఫిబ్రవరి 3వ తేదీ మద్రాసుకు వెళ్లాను: సైమన్ కమిషన్ రాకకు నిరసనగా గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరపడం, ఒక యువకుడు నేలకొరగడం, అతని శవాన్ని చూడడానికి బయలుదేరిన ప్రకాశంగారిని తుపాకులు అడ్డగించడం, అప్పుడు ఆయన చొక్కా గుండీలు విప్పి కాల్చమనడం. ఆ ఒక్క ఘట్టానికి నాలుగు నిమిషాలు కేటాయించి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కావడాన్ని రెండు వాక్యాల్లో ముగించాను. చరిత్రకు అన్యాయం చేశానని మా సాంఘిక శాస్త్రం మాస్టారు అన్నారు. కావచ్చు, కాని ఆ రోజు ఇసుకలో ఎవరూ బొమ్మలు గీయలేదు.

ఒకసారి కుదిరిన కాగితాన్ని ఏటా వాడుకోవచ్చనుకోవడం కూడా పొరపాటే. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఆయన పేరు పెట్టుకున్న జిల్లా మాది కాబట్టి, ‘మన జిల్లాకు పేరునిచ్చిన మహనీయుడు’ అన్న వాక్యం నా ప్రసంగంలో ఎప్పుడూ ఉండేది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో కందుకూరుతో పాటు మా ఊరు నెల్లూరు జిల్లాలో కలిసింది. ఆ ఆగస్టులో అలవాటుగా ఆ వాక్యం అనేశాను. వెనక వరుస నుంచి పదో తరగతి అబ్బాయి, ‘మేడం, మనది ఇప్పుడు పొట్టి శ్రీరాములు జిల్లా’ అన్నాడు. ‘మీరు పుట్టినప్పటి జిల్లాకు’ అని సర్దుకొని గట్టెక్కాను గాని, కాగితం ఎన్నేళ్లు పాతదో వాళ్లకు తెలిసిపోయింది.

పొట్టి శ్రీరాములుగారి ప్రసంగానికి నేను తొలిసారి సిద్ధపడినప్పుడు ఎదురైన చిక్కు వేరు. ఆయన నిరాహార దీక్ష ఒకచోట 56 రోజులని, మరొకచోట 58 రోజులని కనిపించింది. ఏదో ఒకటి చెప్పేస్తే ఎవరూ అడగరు. అయినా లెక్కల పంతులమ్మను కదా, మనసొప్పలేదు. 1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15 రాత్రి ఆయన మరణంతో ముగిసింది. మొదటి రోజును, చివరి రోజును కూడా కలుపుకుంటే అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, వెరసి 58. ఈ కూడికను సభలోనే పిల్లల చేత బిగ్గరగా చేయించాను. ఒక్కొక్క నెల పేరు చెప్పి రోజులు కూడుతున్నకొద్దీ గొంతులు నెమ్మదించాయి. అన్ని రోజులు ఒక మనిషి అన్నం లేకుండా ఉన్నాడన్నది నేను విడిగా చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆయన పోయిన నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రధాని నెహ్రూ ప్రకటించారని చెప్పి దిగిపోయాను.

సంతాప సభకు సిద్ధం కావడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. మా హిందీ మాస్టారు అకస్మాత్తుగా కన్నుమూసిన వారానికి బడిలో సభ పెట్టారు. ముందురోజు రాత్రి అరఠావు నిండా రాసుకున్నాను: ఆయన మరణం తీరని లోటని, మంచివారినే దేవుడు త్వరగా తీసుకుపోతాడని, ఆత్మకు శాంతి కలగాలని. సభలో నాకంటే ముందు ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ఆ మాటలే చెప్పారు, దాదాపు అదే వరుసలో. ముందు వరుసలో ఆయన భార్య తల వంచుకొని, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు కూర్చొని ఉన్నారు. నా పేరు పిలిచేసరికి నా చేతిలో ఉన్నది పనికిరాని కాగితం.

అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయన గదిలోని సైకిల్ పంపు. పొరుగూళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చే పిల్లలకు చక్రంలో గాలి దిగిపోతే, కందుకూరు దాకా నెట్టుకుంటూ పోవలసి వస్తుందని ఆయన సొంత డబ్బుతో పంపు కొని బీరువా పక్కన పెట్టుకొనేవారు. సాయంత్రం బడి వదిలాక, పంచె ఎగగట్టి, కబీరు దోహా ఏదో గొణుగుతూ, వరుసగా గాలి కొట్టేవారు. అదొక్కటే చెప్పాను. నిమిషంన్నర కూడా పట్టలేదు. ఆమె తలెత్తి నా వైపు చూశారు. సభ అయ్యాక దగ్గరకు పిలిచి, ‘ఆ పంపు ఇంట్లోనే ఉందమ్మా, బాగు చేయిస్తానని తెచ్చారు, రేపు పంపిస్తాను’ అన్నారు. తర్వాత ఎన్ని సంతాప సభలకు వెళ్లినా, ముందుగా ఆ మనిషితో రోజూ మెలిగిన ఇద్దరు ముగ్గురిని అడిగి, ఆయనకు తప్ప మరొకరికి చెల్లని సంగతి ఒకటి దొరికితేనే మాట్లాడాను. దొరకనప్పుడు నమస్కరించి కూర్చున్నాను. జబ్బు వివరాలు, చివరి గడియల ముచ్చట్లు ఇంటివారి ఎదుట ఎత్తడం నాకు నచ్చదు. అవి మనకంటే వారికే తెలుసు.

ఒప్పించవలసిన ప్రసంగం వీటన్నిటికంటే కష్టం. పదో తరగతి తర్వాత ఆడపిల్లల చదువు మాన్పించవద్దని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పే పని నాకు అప్పగించారు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరమనే చట్టం దగ్గర మొదలుపెట్టి, చదువుకున్న తల్లి వల్ల ఇంటికి కలిగే మేలు దాకా పావుగంట గట్టిగా మాట్లాడాను. అందరూ తలూపారు. చివర్లో వెనక నిలబడిన తండ్రి ఒకాయన, ‘చదివించకూడదని మాకేం లేదు టీచరమ్మా, కాలేజీ వదిలి బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. రోడ్డు మీద నుంచి ఊళ్లోకి రెండు మైళ్లు పిల్ల ఒక్కతే ఎట్టొస్తాది? ఆ సంగతి చెప్పండి’ అన్నాడు. నా పావుగంటలో ఆ రెండు మైళ్ల ప్రస్తావనే లేదు.

అప్పుడు నాకు 1992 నాటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకి, ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకుంటున్న రోజులవి. మా ఊరి రచ్చబండ దగ్గర అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్న ఒక కూలీ మనిషి లేచి, మొన్న శనివారం కూలి డబ్బులు ఇంటికి ఎంత వచ్చాయో, అందులో సారా కొట్టుకు ఎంత పోయిందో, మిగిలిన దాంట్లో ఏం వండిందో చెప్పి, ‘మీ ఇంట్లో ఎట్టా?’ అని అడిగి కూర్చుంది. అంతకంటే గొప్ప ఒప్పింపు ప్రసంగం నేను ఇప్పటికీ వినలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చిందంటే, అలాంటి గొంతులు ఎన్ని ఊళ్లలో లేచాయో ఊహించుకోవచ్చు.

మళ్లీ సమావేశానికి ముందు నేను మాట్లాడడం మాని, ఇంటింటికీ తిరిగి విన్నాను. బస్సు వేళలు రాసుకున్నాను. ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలు కలిసి రాగలరో లెక్క కట్టాను, కందుకూరులో వసతి గృహం ఉన్న కళాశాల సంగతి కనుక్కున్నాను. సభలో మొదటి మాటగా ఆ తండ్రి ప్రశ్ననే, ఆయన మాటల్లోనే, తిరిగి చెప్పాను. తర్వాత నా దగ్గరున్న సమాధానాలు చెప్పాను. చట్టం ఊసే ఎత్తలేదు. ఆ ఏడాది చదువు మాన్పిస్తారనుకున్న ఆరుగురిలో నలుగురు ఇంటర్మీడియట్‌లో చేరారు. మిగిలిన ఇద్దరి విషయంలో ఏ మాట పనిచేసేదో నాకు ఇప్పటికీ తోచదు.

ఇక కాగితం సంగతి. మొదట మొత్తం రాస్తాను, తర్వాత వంటింట్లో నిలబడి పైకి చదువుతాను. కంటికి బాగున్న వాక్యం ఊపిరికి అందకపోతే అక్కడే విరుస్తాను. గడియారం పెట్టుకొని చూస్తే నా వేగంలో నిమిషానికి ఎనభై, తొంభై మాటలు పడతాయి. కాబట్టి పది నిమిషాలంటే తొమ్మిది వందల మాటలకు మించకూడదు. చివరికి అట్టముక్క మీద ఏడెనిమిది మాటలు మాత్రం రాసుకొని వేదిక ఎక్కుతాను. కాగితం అయితే చేతితో పాటు వణుకుతుంది, అట్ట వణకదు. సమయం తగ్గిస్తే వదిలేయదగిన భాగాలకు ఇంట్లోనే ఎర్ర పెన్సిలుతో గీత గీసి పెట్టుకుంటాను.

ఆ ఎర్ర గీత అవసరం నెల్లూరులో పడింది. పదవీ విరమణ తర్వాత, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవ సభలో తిక్కన రాయబార ఘట్టాల మీద పది నిమిషాలు మాట్లాడమని పిలిచారు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న కవి గురించి నెల్లూరు వాళ్లకే చెప్పడం, అదీ లెక్కల పంతులమ్మ చెప్పడం, సాహసమే. నెల రోజులు చదివి, సంజయుని మాటలు, ద్రౌపది మాటలు, సభలో కృష్ణుని మాటలు, అయిదూళ్ల కోరిక అని నాలుగు భాగాలు చేసుకున్నాను. నాకంటే ముందు మాట్లాడినవారు ఒక్కొక్కరు అరగంట తీసుకున్నారు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. నిర్వాహకులు చెవిలో, ‘అమ్మా, మూడు నిమిషాలు’ అన్నారు. మైకు కూడా అప్పుడే గొంతు పోగొట్టుకుంది.

అట్ట మీద మూడు భాగాలకు ఎర్ర గీత ఉంది. వేదిక దిగి, మొదటి వరుస దగ్గర నిలబడి, రాజ్యమంతా పోయినా అయిదూళ్లు ఇస్తే చాలన్న ధర్మరాజు కోరిక ఒక్కటే తీసుకున్నాను. అడిగేది తక్కువైనప్పుడు మాట ఎంత మెత్తగా ఉంటుందో, ఆ మెత్తదనంలోనే యుద్ధానికి సిద్ధమన్న కబురు ఎలా దాగి ఉంటుందో చెప్పి, మూడు నిమిషాల లోపే ముగించాను. తిరుగు ప్రయాణంలో కావలి దాటాక మా వారు, ‘నెలంతా ద్రౌపది, ద్రౌపది అన్నావు, ఆమె పేరే ఎత్తలేదేం?’ అన్నారు. అట్టముక్క తీసి సంచిలో భద్రపరిచాను. గీత కొట్టిన మూడు భాగాలూ ఇంకా అలాగే ఉన్నాయి.