ఒగ్బెచె పదహారు క్లబ్బులు ఎందుకు మారాడు

నైజీరియా ఫుట్‌బాలర్ బార్తలోమ్యూ ఒగ్బెచె పేరు మన గోదావరి జిల్లాల కుర్రాళ్ల నోట్లో పడింది హైదరాబాద్ ఎఫ్‌సి వల్లే. 2021–22 ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు, హైదరాబాద్ కప్పు గెలిచింది. అప్పటికి అతని వయసు 37. అక్కడిదాకా అందరూ మెచ్చుకుంటారు. అతను ఆడిన క్లబ్బుల చిట్టా చూడగానే మాత్రం "ఎక్కడా కుదురుగా లేడే" అనేస్తారు. ఏడు దేశాలు, పదహారు క్లబ్బులు. ఆ మాట నాకు సరైందిగా అనిపించదు. ఫార్వర్డ్, అంటే ముందువరసలో గోల్స్ కొట్టేవాడు, క్లబ్బు మారాడంటే దాదాపు ప్రతిసారీ కంటికి కనిపించే కారణం ఉంటుంది. కాంట్రాక్టు గడువు, కోచ్, విదేశీ కోటా, క్లబ్బు గల్లాపెట్టె, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి. చిట్టాని వీటితో కలిపి చదివితే అదే చిట్టా వేరేగా కనిపిస్తుంది.

కోనసీమ వాళ్లకి దీన్ని పెద్దగా విడమరచక్కర్లేదు. గల్ఫ్ వెళ్లే మనిషి రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్తాడు. గడువు అయ్యాక కంపెనీ రెన్యువల్ చేస్తే ఉంటాడు, లేదంటే ఇంకో చోటు చూసుకుంటాడు. అతన్ని కుదురు లేనివాడని ఏ ఊళ్లోనూ అనరు. ఫుట్‌బాలర్ బతుకూ అంతే, కాకపోతే అక్కడ రూల్స్ రాసేది ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా. కాంట్రాక్టు తక్కువలో తక్కువ ఆ సీజన్ చివరిదాకా ఉండాలి, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు. 18 ఏళ్లు నిండని కుర్రాడికైతే మూడేళ్లకి మించకూడదు. గడువు ఇంకా ఆరు నెలలుందనగా వేరే క్లబ్బుతో సంతకం చేసుకోవచ్చు. గడువు పూర్తయ్యాక పాత క్లబ్బుకి పైసా ఇవ్వకుండా వెళ్లిపోవచ్చు. 1995లో బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసు తీర్పు వచ్చేవరకూ యూరప్‌లో చాలాచోట్ల ఆ స్వేచ్ఛ కూడా లేదు. ఒక సీజన్లో మూడు క్లబ్బుల దగ్గర రిజిస్టర్ కావచ్చు గానీ, మామూలుగా రెండింటికి మాత్రమే మ్యాచ్‌లు ఆడొచ్చు. అందుకే జనవరిలో తొందరపడి మారినవాడికి ఆ కొత్త చోటు కుదరకపోతే, మళ్లీ జూన్ దాకా బెంచీయే గతి.

ఒగ్బెచె నైజీరియాలోని ఒగోజాలో 1984 అక్టోబర్ 1న పుట్టాడు. పారిస్ సాంజెర్మా క్లబ్బులో పెరిగి, 17 ఏళ్లకే 2002 ప్రపంచకప్‌లో నైజీరియా తరఫున దిగాడు. వినడానికి ఇది గొప్ప ఆరంభమే, నిజానికి చాలా ఇరుకైన చోటు. అప్పట్లో ఆ జట్టు దాడిలో రొనాల్డీన్యో, ఒకోచా లాంటి వాళ్లున్నారు. మిడ్‌ఫీల్డర్ అయితే రెండు మూడు స్థానాల్లో ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు. సెంటర్ ఫార్వర్డ్‌కి జట్టులో ఉండేది ఒకటే కుర్చీ, మహా అయితే రెండు. ఆ కుర్చీ ఖాళీ లేకపోతే కుర్రాడికి మిగిలేది లోన్. అతనికీ అలాగే బాస్టియా, మెట్జ్ వచ్చాయి. లోన్ అంటే రిజిస్ట్రేషన్ తాత్కాలికంగా కొత్త క్లబ్బుకి మారుతుంది, అసలు కాంట్రాక్టు పాత క్లబ్బు చేతిలోనే ఉంటుంది, జీతాన్ని ఇద్దరూ ఒప్పుకున్న లెక్కలో పంచుకుంటారు. లోన్లో చెడేది ఎక్కడంటే, తీసుకున్న క్లబ్బుకి ఆ కుర్రాణ్ని తీర్చిదిద్దాలన్న తపన ఉండదు. వచ్చే ఏడాది అతను తమవాడు కాదు. నాలుగు మ్యాచ్‌ల్లో గోల్ రాకపోతే సొంత ఆటగాణ్ని దింపుతారు.

2005లో పారిస్‌తో సంబంధం తెగింది. అక్కణ్నుంచి అబూదాబీలో అల్ జజీరా, తర్వాత స్పెయిన్‌లో అలవేస్, వయ్యదోలిద్, కాదిజ్, ఆపైన గ్రీస్‌లో కవాలా. ఈ కవాలా దగ్గర కాస్త ఆగాలి. 2011 వేసవిలో గ్రీస్‌ని కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో ఆ క్లబ్బునే కింది డివిజన్లకు తోసేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఒగ్బెచె ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోకి చేరాడు. ఆగస్టు 31తో విండో (ఆటగాళ్లు క్లబ్బు మారడానికిచ్చే గడువు) మూసేశాక అక్టోబర్‌లో ఎలా చేరాడంటారా? విండో మూసేలోపే కాంట్రాక్టు అయిపోయి, ఏ క్లబ్బుకీ చెందకుండా ఉన్న ఆటగాణ్ని విండో బయట కూడా రిజిస్టర్ చేసుకోనిచ్చే మినహాయింపు ఉంది. దాన్ని వాడుకునేవాళ్లకి ఒక చిక్కుంటుంది. ప్రీ-సీజన్ కసరత్తు ఉండదు. మిగతావాళ్లు ఐదారు వారాలు ఒళ్లు వంచి తయారయ్యాక ఇతను నేరుగా దిగాలి. ఫార్వర్డ్‌కి తొడ వెనక కండరాలు పట్టేసేది సరిగ్గా అలాంటప్పుడే. ఆ తర్వాత మళ్లీ స్పెయిన్‌లో హెరెజ్, అదీ అప్పుల్లో మునుగుతున్న క్లబ్బు, 2013లో డివిజన్ నుంచి జారిపోయింది. అక్కణ్నుంచి నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ టూ. ఇప్పుడు చెప్పండి, ఇందులో కుదురు లేనిది మనిషా, క్లబ్బులా?

భారత్‌లో గడిపిన ఐదు సీజన్లే నా దృష్టిలో ఈ కెరీర్‌కి గుండెకాయ. 2018లో నార్త్ఈస్ట్ యునైటెడ్‌కి వచ్చేసరికి అతనికి 34 నిండుతున్నాయి. అప్పటి కోచ్ ఎల్కో స్కటోరీ. ఆ సీజన్లో 12 గోల్స్, చెన్నైలో చెన్నైయిన్ మీద 4–3 గెలుపులో హ్యాట్రిక్, ఆ క్లబ్బు మొదటిసారి ప్లేఆఫ్స్‌కి (కప్పు తేల్చే చివరి దశకి). మరుసటి ఏడాది స్కటోరీ కేరళ బ్లాస్టర్స్‌కి మారితే ఒగ్బెచె వెంటే వెళ్లి 15 గోల్స్ కొట్టాడు. 2020లో కేరళ కోచ్‌ని మార్చింది, ఒగ్బెచె కూడా బయటికొచ్చి ముంబై సిటీలో చేరాడు. చిట్టాలో మూడేళ్లకు మూడు క్లబ్బులు కనిపిస్తాయి. కోచ్ పేరు పక్కన రాసుకుంటే మొదటి రెండూ ఒకే ఉద్యోగం. ఫార్వర్డ్ కోచ్ వెంట వెళ్లడానికి కారణం అభిమానం ఒక్కటే కాదు. తనకి బంతి ఎటువైపు నుంచి వస్తుందో, డిఫెన్స్‌లోకి ఎంతదూరం వెనక్కి పరుగెత్తమంటారో, పెనాల్టీ ఎవరు కొడతారో ముందే తెలిసిన చోట మొదటి నెల వృథా కాదు. సీజన్ మొత్తం ఇరవై మ్యాచ్‌లే అయినప్పుడు ఒక నెల పోవడమంటే ఐదో వంతు పోయినట్టు.

ముంబైలో గోల్స్ 8కి పడిపోయాయి. ఆట తగ్గి కాదు. లె ఫాండ్రె అనే ఇంకో స్ట్రైకర్‌తో కుర్చీ పంచుకోవాల్సి వచ్చింది, తరచూ సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అయినా ఆ ఏడాదే లీగ్ పట్టికలో మొదటి స్థానానికిచ్చే షీల్డూ, కప్పూ రెండూ వచ్చాయి. కోల్‌కతా క్లబ్బు ఏటీకే మోహన్ బగాన్‌తో షీల్డ్ తేల్చిన మ్యాచ్‌లో ముంబై 2–0తో గెలిస్తే రెండో గోల్ ఇతనిదే. మళ్లీ వాళ్లతోనే ఫైనల్. 90వ నిమిషం, 1–1. పొడుగ్గా వచ్చిన బంతి కోసం గోల్‌కీపర్ ముందుకొచ్చాడు గానీ తీసేయలేకపోయాడు. ఒగ్బెచె దాన్ని అందుకుని ఆపాడు. ఆ క్షణంలో స్ట్రైకర్ కాళ్లు తిప్పి కొట్టేయమంటాయి, ఎదురుగా మనుషులు అడ్డం పడుతుంటారు. అతను కొట్టలేదు. ఖాళీగా ఉన్న బిపిన్ సింగ్‌కి ఇచ్చాడు, గోల్, కప్పు. గోల్స్ పట్టికలో ఇది ఒగ్బెచె పేరున ఎక్కదు. పదహారేళ్లకు పైగా పెనాల్టీ బాక్సులో నిలబడ్డవాడు ఏం నేర్చుకుంటాడో చూడాలంటే ఆ ఒక్క క్లిప్ చాలు.

తర్వాత హైదరాబాద్. ఇక్కడ కోటా సంగతి తెలియాలి. 2020–21 వరకూ ఐఎస్ఎల్ మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీయులు ఆడేవారు. 2021–22 నుంచి నలుగురే, స్క్వాడ్‌లో కనీసం ఒక ఆసియా దేశపు ఆటగాడు ఉండాలన్న షరతు కూడా వచ్చింది. ఒక విదేశీ స్థానం పోగానే కోచ్‌లు లెక్క మార్చుకున్నారు. వెనక వరుసలో ఒకరు, మధ్యలో ఒకరిద్దరు, ముందు ఒకరు అనుకుంటే, ఆ ముందువాడు ప్రయోగానికి పనికిరాడు, ఖాయంగా గోల్ కొట్టేవాడై ఉండాలి. హైదరాబాద్ కోచ్ మనోలో మార్కెజ్ జట్టుకి ఒగ్బెచె సరిగ్గా ఆ లెక్కలో సరిపోయాడు. చుట్టూ పరుగెత్తే భారత కుర్రాళ్లు ఉన్నారు, అతను బాక్సు వదిలి పోనక్కర్లేదు. ఆ సీజన్ అంతా కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది. అందుకే ఆ 18 గోల్స్‌లో ఒక్కటి కూడా గచ్చిబౌలిలో పడలేదు. మన కోనసీమ బిడ్డ బాలయోగి గారి పేరున్న ఆ స్టేడియంలో తెలుగువాళ్లు అతన్ని చూసింది 2022–23లో, అప్పుడు కొట్టినవి 10. మొత్తం ఐఎస్ఎల్‌లో 63, అప్పటికి అదే లీగ్ రికార్డు. ఆ రికార్డు దాటిన భారత స్ట్రైకర్ సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో.

ముప్పై దాటిన ఫార్వర్డ్ ఇన్ని గోల్స్ ఎలా కొడతాడో గ్రౌండులో ఆడే కుర్రాళ్లు గమనించాలి. వేగం తగ్గితే పరుగు పొడవు తగ్గించుకోవాలి. సెంటర్ బ్యాక్ (ఎదుటి జట్టు మధ్య డిఫెండర్) ముందు నిలబడకుండా అతని వెనక భుజం పక్కన నిలబడితే, బంతినీ మనిషినీ ఒకేసారి చూడటం అతనికి కుదరదు. పక్క గీత వెంబడి బంతి తెచ్చే వింగర్ తల ఎత్తిన క్షణంలో రెండడుగులు దూరపు పోస్ట్ వైపు వేసి, డిఫెండర్ బరువు అటు వాలగానే దగ్గరి పోస్ట్ వైపు ఒక్కసారిగా మళ్లాలి. మన దగ్గర కుర్రాళ్లు ఎక్కువగా చేసే తప్పు బంతి వింగర్ కాలు వదలకముందే పరుగు మొదలుపెట్టడం. దాంతో బంతి వచ్చేసరికి వాళ్లు గోల్ గీత మీద ఉంటారు, లేదా ఆఫ్‌సైడ్. అర సెకను ఆగడం నేర్పితే సగం సమస్య తీరుతుంది.

ఛెత్రి చిట్టాలో వేరే పాఠం ఉంది, అనుమతి కాగితాల పాఠం. 2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది. వర్క్ పర్మిట్ రాలేదు, ఎందుకంటే దేశం ఫిఫా ర్యాంకింగ్‌లో మొదటి 70లో ఉండాలన్నది అప్పటి రూలు. ఆటగాడి తప్పేం లేదు. 2012లో స్పోర్టింగ్ లిస్బన్ బి జట్టుకి వెళ్తే అక్కడా మ్యాచ్‌లు పెద్దగా దొరకలేదు. బి జట్టు ఉన్నదే క్లబ్బు సొంత కుర్రాళ్లని పెంచడానికి, 28 ఏళ్ల విదేశీకి అక్కడ నిమిషాలు దొరకడం కష్టం. సంతకానికి ముందు అడగాల్సింది క్లబ్బు పేరు కాదు, ఏ జట్టులో, ఎవరి స్థానంలో అని.

మన జిల్లాల్లో ఈ ఆటని గట్టిగా పట్టుకున్న పిల్లలకీ తల్లిదండ్రులకీ పనికొచ్చే సంగతులు కొన్ని. ముందుగా, జీతం. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు క్లబ్బుకి రాతపూర్వకంగా నోటీసిచ్చి 15 రోజులు గడువివ్వాలి. అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు, పరిహారం కూడా అడగొచ్చు. నోటిమాటగా అడిగితే చెల్లదు, తేదీ కనిపించే కాగితమో మెయిలో ఉండాలి. పెద్ద క్లబ్బు కదా అని నిశ్చింతగా ఉండే రోజులు కావివి. కప్పు గెలిచిన హైదరాబాదే రెండేళ్లు తిరక్కుండా బకాయిల వల్ల ఫిఫా రిజిస్ట్రేషన్ నిషేధంలో పడింది. ట్రయల్ పెట్టిస్తానని ముందే డబ్బడిగే ఏజెంటు దగ్గరికి అసలు వెళ్లొద్దు. 18 నిండకుండా విదేశీ క్లబ్బులో చేర్పిస్తానన్నా నమ్మొద్దు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఫిఫా దాన్ని ఒప్పుకోదు.

గ్రౌండు సంగతి కూడా. డెల్టాలో తొలకరి పడిందంటే మన బంకమట్టి గ్రౌండ్లలో బంతి దొర్లదు, ఆగిపోతుంది. పొట్టి రబ్బరు స్టడ్ల (బూటు అడుగు బుడిపెల) మధ్య మట్టి కూరుకుపోయి బూటు అడుగు నున్నగా అయిపోతుంది, తిరగబోతే కాలు జారుతుంది, మోకాలు మెలిపడేది అక్కడే. వానాకాలంలో పొడుగు స్టడ్ల బూట్లు, పుల్లతో గీకే అలవాటు, బంతి కోసం ఎదురుచూడకుండా దాని మీదికే వెళ్లడం, ఇవి కావాలి. ఇది వృథా పోదు, కోల్‌కతా లీగ్ నడిచేది వానల్లోనే. అసలు చిక్కు ఇక్కడే పెరిగినవాడు మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద దిగినప్పుడు వస్తుంది. బంతి అనుకున్నదానికంటే ముందే కాలి దగ్గరుంటుంది, మొదటి స్పర్శ రెండు గజాలు పోతుంది. ట్రయల్‌కి వెళ్లేముందు కనీసం ఒక వారం అలాంటి టర్ఫ్ మీద ఆడించాలి. ఈమధ్య మన పట్నాల్లో వెలిసిన అద్దె టర్ఫులు చిన్నవే అయినా ఇందుకు చాలు.

చివరిగా రిజిస్ట్రేషన్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, క్లబ్బు మొదటి ఏడాది నుంచే సరిగా ఎక్కించాలి. తేదీ దాచి చిన్న గ్రూపులో ఆడించడం పనికిరాదు. అండర్-17 ప్రపంచకప్ స్థాయిలో 2009 నుంచీ మణికట్టుకి ఎంఆర్ఐ తీస్తున్నారు, ఎముకే వయసు చెప్పేస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఊరి క్లబ్బుకీ లాభమే. ఆటగాడు కాంట్రాక్టు మధ్యలో విదేశీ క్లబ్బుకి డబ్బుకి అమ్ముడైతే ఆ మొత్తంలో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని పెంచిన క్లబ్బులకి చేరాలి. 12 నుంచి 15 ఏళ్ల వయసులో ఆడించిన ఒక్కో ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి ఒక్కో ఏడాదికి 0.5 శాతం. కోటి రూపాయల బదిలీలో అమలాపురంలో ఆడించిన పదమూడో ఏడుకి 25 వేలు, పదహారో ఏడుకి 50 వేలు. ఆ ఏడాది రిజిస్టర్‌లో అతని పేరు లేకపోతే ఆ క్లబ్బుకి అడిగే ఆధారం ఉండదు.