చన్నీళ్ల మంట

మా ఇంటి ముందే పంట కాలువ. అరవై ఏళ్లుగా అందులోనే కాళ్లు కడుక్కుని అరుగెక్కేవాణ్ణి. పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో, ఒకరోజు పొద్దున్నే రేవులో ఎడం పాదం పెట్టగానే కాగే నూనెలో పెట్టినట్టయింది. కేక పెట్టాను. పక్కన గేదెను కడుగుతున్న కుర్రాడు "ఆయ్, ఏం కుట్టిందండీ?" అన్నాడు. ఏం కుట్టలేదు. మాఘమాసం నీళ్లు, అంతే.

అప్పటికి నేను బయటపడిపోయానని అందరి లెక్క. మాట తిరిగింది, కర్ర లేకుండా అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి వెళ్లొస్తున్నాను. కానీ ఎడం చేతిలో, పాదంలో మంట రోజురోజుకీ పెరిగింది. ఫ్యాన్ గాలికి చీమలు కుట్టినట్టు, చొక్కా రాసుకుంటే కారం రాసినట్టు. చూస్తే కాస్త ఎరుపు కూడా ఉండదు. "పావురం రక్తం రాయించు బాబాయ్" అని ఒకడు, "అంతా నీ తల్లోనేరా" అని మా బావగారు. ఆ రెండో మాటకి ఒళ్లు మండిపోయింది.

తీరా డాక్టరు చెప్పిందీ అదే! చెయ్యి బాగానే ఉందట, దెబ్బ తగిలింది మెదడు లోపల కుడివైపు ఉండే థాలమస్ అనే భాగానికి. ఒంటి నుంచి వచ్చే స్పర్శ కబుర్లు అక్కడ ఆగి మెదడు పైభాగానికి వెళ్తాయి, మన కాలువ లాకుల్లాగా. లాకు పాడైతే చల్లదనం కూడా మంటగానే చేరుతుంది. 1906లోనే డెజెరిన్, రూసీ అనే ఫ్రెంచి డాక్టర్లు దీన్ని వివరంగా రాశారట. అమిట్రిప్టిలిన్, లామోట్రిజిన్, ప్రెగాబలిన్ అన్నీ మింగాను. మగత, నోరెండిపోవడం మిగిలాయి.

చివరికి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ మాట వచ్చింది, అంటే మెదడులోకి సన్న తీగ దించి బ్యాటరీతో కరెంటు ఇవ్వడం. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు వాళ్లకి ఎక్కువగా చేసేదే. నొప్పికైతే గ్యారంటీ లేదని, పనిచేసినా కొన్నాళ్లకు పట్టు తగ్గొచ్చని, లోపల రక్తస్రావం కావచ్చని డాక్టరు ఏదీ దాచలేదు. "ఒకసారి దెబ్బతిన్న తలని మళ్లీ తొలిపించుకుంటావా నాన్నా?" అని మా అమ్మాయి ఏడుపు. రాత్రి దుప్పటి కప్పుకోలేని మనిషికి ఆ ప్రశ్న వేరేగా వినపడుతుంది.

హైదరాబాదులో చేయించుకున్నాను. తలకి లోహపు చట్రం బిగించి, మత్తు తల మీద మాత్రమే ఇచ్చారు. నేను మెలకువగానే ఉన్నాను. సన్న తీగ లోపలికి దించి కరెంటు పెడుతూ "ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగేవారు. "బొటనవేలు... ఇప్పుడు అరచెయ్యి... జుమ్మంటోందండీ." డ్రిల్లు శబ్దం కొబ్బరి చిప్పలోంచి విన్నట్టుంది.

బ్యాటరీ పెట్టకముందు కొన్నాళ్లు తీగ బయటికే ఉంచి పరీక్షించారు. మూడో రోజు ఫ్రిజ్ నీళ్ల స్టీలు గ్లాసు ఎడం చేత్తో పట్టుకున్నాను. అడుగున మంట ఉంది, పైన మాత్రం చల్లగా తెలిసింది. "చల్లగా ఉందే" అన్నాను. మా ఆవిడ గ్లాసు లాక్కుని తనూ పట్టుకుని చూసింది, నిజంగానే చల్లగా ఉందా అని.

ఇప్పుడు బ్యాటరీ కాలర్ బోన్ కింద, చర్మం లోపల ఉంది. మనవడు దాన్ని తాతయ్య ఫోను అంటాడు. ఫిజియోథెరపీలో కరెంటుతో ఒంటి లోపల వేడి పుట్టించే డయాథర్మీ మాత్రం అసలు పెట్టకూడదు, ఎంఆర్‌ఐ అంటే ముందే చెప్పాలి. పదికి తొమ్మిదిగా ఉండే నొప్పి ఐదు దగ్గర ఆడుతోంది. ముసురు పడితే ఏడు. మాత్రలు సగానికి తగ్గాయి.

నిన్న రేవులో ఎడం పాదం పెట్టాను. మండింది. పదిదాకా లెక్కపెట్టి తీశాను.