అడవి అవిసె కాయ కట్టేదాకా: నా అనుభవం

గింజల కోసం, నార కోసం పొలాల్లో పండించే అవిసె ఏడాదిలోపే పని ముగించుకునే పైరు. నేను పెంచుతున్నది దాని అడవి చుట్టం, లైనమ్ పెరెన్నే. ఇది కొన్నేళ్లు బతుకుతుంది. గాలికి ఊగే సన్నటి కాడలు, సూదుల్లాంటి ఆకులు, లేత నీలం పూలు. దీన్ని బతికించడం తేలికే. కాయ కట్టించడమే అసలు పని.

దీని తల్లివేరు నిటారుగా లోతుకు దిగుతుంది, ఆ వేరు కదిలితే మొక్క తట్టుకోవడం కష్టం. అందుకే నారు పోసి మార్చే పని పెట్టుకోకుండా లోతైన కుండీలోనే విత్తాను. మట్టిలో సగానికి సగం ముతక ఇసుక కలిపాను, ఎరువు వేయలేదు. సారం ఎక్కువైతే కాడలు ఏపుగా పెరిగి వాలిపోతాయి. గింజకు తడి తగిలిందంటే చుట్టూ జిగురు కడుతుంది, వేలికి అంటుకుంటే వదలదు. కాబట్టి పొడి చేత్తో చల్లి, పైన పలుచగా ఇసుక కప్పాలి. ఒత్తుగా మొలిచినచోట పీకకుండా కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించాను, పక్క మొక్క వేరు చెదరకుండా.

ఎండ ఎంత ఉంటే అంత మంచిది. నీళ్లు మాత్రం పైమట్టి ఆరాకే.

మొదటి ఏడాది దాదాపు అంతా ఆకులే. మరుసటి ఏడాది పూత మొదలైంది. పొద్దున విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నానికల్లా రెక్కలు రాల్చేస్తుంది. కొత్తగా పెంచేవాళ్లకు తెగులేమో అని టెన్షన్ పుడుతుంది గానీ, దాని తీరే అంత. మర్నాడు మరో వరుస మొగ్గలు విచ్చుకుంటాయి.

అంత పూసినా ఒక్క కాయా నిలవలేదు. భూతద్దం పెట్టి చూస్తే విషయం తెలిసింది. ఈ జాతిలో రెండు రకాల మొక్కలుంటాయి. ఒకదాని పువ్వులో కీలాలు (పుప్పొడిని అందుకునే ఆడ కాడలు) పొడుగ్గా, కేసరాలు (పుప్పొడినిచ్చే మగ కాడలు) పొట్టిగా ఉంటాయి, రెండోదాంట్లో తలకిందులు. ఒక రకం పుప్పొడి రెండో రకం పువ్వుకు చేరితేనే గింజ సరిగ్గా కడుతుంది. చార్లెస్ డార్విన్ 1860లలోనే దీన్ని చేత్తో పరాగసంపర్కం చేసి పరీక్షించాడు. నా దగ్గర పూసినవన్నీ పొడుగు కీలాలవే! అమెరికా అడవి అవిసె, అంటే లైనమ్ లూయిసియైకి ఈ పట్టింపు లేదు. ఒక్క మొక్కకే చోటున్నవాళ్లు దాన్ని ఎంచుకోవడం మేలు.

నేను మాత్రం ఈ జాతినే పట్టుకున్నాను. మళ్లీ విత్తితే వచ్చిన మొక్కల్లో పొట్టి కీలాలవీ ఉన్నాయి. పొద్దున్నే ఒక పువ్వు తుంచి, దాని కేసరాలను రెండో రకం పువ్వులోని అయిదు కీలాగ్రాలకు, అంటే కీలాల కొసలకు, మెల్లగా రాశాను. ఎలాగూ మధ్యాహ్నానికి రాలే పువ్వే కాబట్టి తుంచినా బాధనిపించలేదు. రెక్కలు రాలాక ఈసారి పువ్వు అడుగున కాయగా మారే బుడిపె ఎండిపోలేదు. ఆకుపచ్చగా, గుండ్రంగా ఊరుతూ వచ్చింది. ఆ ఆనందం చెప్పలేను.

కాయ గోధుమరంగుకు తిరిగి, పగలకముందే కోయాలి. ఒక్కోదాంట్లో పది దాకా నున్నటి గింజలుంటాయి. కొన్నేళ్లకు పాత మొక్కలు నీరసపడతాయి కాబట్టి, ఏటా రెండు రకాల మొక్కల నుంచీ గింజలు తీసి కలిపి, కొత్త కుండీలో చల్లుతున్నాను.