స్విచ్ 2 నెగ్గింది, కానీ భీమవరంలో కాదు

ఏ కొత్త కన్సోల్ (వీడియో గేములు ఆడుకునే మెషిన్) ఆడుతుంది, ఏది రెండేళ్లలో మూలన పడుతుంది అనే గొడవ మా ఇంట్లో ఏటా సంక్రాంతికి ఉండాల్సిందే. భోగి పొద్దున మొదలైతే కనుమ సాయంత్రం దాకా సాగుతుంది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చే బావది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ పార్టీ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడిది స్టీమ్, అంటే పీసీ గేములు నెట్‌లో అమ్మే వాల్వ్ వాళ్ల దుకాణం. నాది సోనీ ప్లేస్టేషన్, అదీ డిస్క్ పెట్టుకునే రకం. నింటెండోకి మా ఇంట్లో ఒక్క ఓటూ లేదు. ప్రపంచంలో మాత్రం ఈ మధ్య వచ్చినవాటిలో జోరుగా అమ్ముడైంది ఆ నింటెండోదే.

లెక్క చూడండి. వాళ్ల స్విచ్ 2 అనేది 2025 జూన్ 5న వచ్చింది, అమెరికాలో అప్పటి ధర 449.99 డాలర్లు. మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు దాటాయి, సెప్టెంబర్ ఆఖరుకి కోటి దాటాయి. అదే కంపెనీ 2012లో వీ యూ అని ఒకటి తెచ్చింది, అది పుట్టినప్పటి నుంచి కన్ను మూసేదాకా మొత్తం అమ్ముడైంది కోటీ ముప్పై ఆరు లక్షల లోపే. దానికి ముందు వచ్చిన వీ ఏమో పది కోట్లు దాటింది. పది కోట్ల తర్వాత కోటీ చిల్లర, ఆ తర్వాత మొదటి స్విచ్ పదిహేను కోట్లు! అందుకే కంపెనీ పేరు చూసి జోస్యం చెప్పేవాళ్లని నేను పట్టించుకోను. "సోనీ అంటే సోనీయే బావా" అని ఊరికే అనేసేవాళ్లు మా ఇంట్లో కూడా ఉన్నారు, నాతో కలిపి.

వీ యూ ఎందుకు పోయిందో తెలిస్తే మిగతావన్నీ సగం అర్థమవుతాయి. పేరు చూసి చాలామంది అది పాత వీకి తగిలించుకునే టాబ్లెట్ ఏమో అనుకున్నారు. కొన్నవాళ్లకేమో మొదటి గేమ్ అయిపోయాక రెండోది రావడానికి నెలలు పట్టేది. అమ్మకాలు లేవని బయటి కంపెనీలు గేములు చేయడం మానేశాయి, గేములు లేవని జనం కొనడం మానేశారు. గేములు బాగోలేక కాదు, అది గుర్తుంచుకోవాలి. మారియో కార్ట్ 8 అని కార్ల పోటీ గేమ్ 2014లో వీ యూకి వచ్చింది, 85 లక్షల లోపు అమ్ముడైంది. అదే గేమ్‌ని కాస్త మెరుగులు దిద్ది 2017 ఏప్రిల్‌లో స్విచ్‌కి ఇస్తే ఆరు కోట్లు దాటింది. ట్రాకులు అవే, తాబేలు చిప్పలు అవే, దారిలో విసిరే అరటి తొక్కలు కూడా అవే (రావులపాలెం అరటి యార్డు వాళ్లు విన్నారో లేదో).

కాబట్టి చిప్ ఎంత, టెరాఫ్లాప్స్ (చిప్ వేగం కొలత) ఎన్ని అని తమ్ముడు ఫోన్‌లో చూపించే పట్టికలు నాకు అక్కర్లేదు. నేను అడిగేది ఒకటే: ఈ మెషిన్ కొన్నవాడికి రెండో గేమ్ ఎలా దొరుకుతుంది? మొదటి గేమ్ కొత్త మోజులో ఎలాగోలా కొంటారు, లేకపోతే పెట్టెతో పాటే వస్తుంది. రెండోది, మూడోది ఎక్కడ నుంచి, ఎంతకి, ఎవరి దగ్గర నుంచి వస్తుందో చెప్పండి, ఆ కన్సోల్ మన వైపు ఆడుతుందో లేదో నేను చెబుతాను.

మా గోదావరి జిల్లాల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పీఎస్2 (ప్లేస్టేషన్ 2) రోజులు గుర్తున్నాయా? భీమవరం, పాలకొల్లు, తణుకు, ఎక్కడ చూసినా బస్టాండుకో కాలేజీకో దగ్గర్లో ఒక వీడియో గేమ్ షాపు, గంటకి ఇంత అని, రెండు రిమోట్లు (కంట్రోలర్ అంటే ఎవడికీ తెలీదు, రిమోటే), ఒకడు ఆడుతుంటే వెనక ఆరుగురు. క్రికెట్ 07, శాన్ ఆండ్రియాస్, రెజ్లింగ్. ఇంట్లో కొనిపించుకున్న అదృష్టవంతులు కూడా నాన్నకి చెప్పింది "డీవీడీ ప్లేయర్ కూడా నాన్నా, సినిమాలు చూసుకోవచ్చు" అని. ఆ మాట అబద్ధం కూడా కాదు. కాపీ డిస్కులు ఆడేలా మెషిన్‌లో చిప్ వేయించి ఆడుకోవడం తప్పే, చట్టప్రకారం నేరమే, కానీ రెండో గేమ్ ఎలా అన్న ప్రశ్నకి ఆ రోజుల్లో ఊరు ఊరంతా చెప్పిన జవాబు అదే. ప్రపంచం మొత్తం మీద పీఎస్2 పదహారు కోట్లు అమ్ముడైంది. హైదరాబాద్‌లో తయారైన హనుమాన్ గేమ్ కూడా 2009లో దాని కోసమే వచ్చింది.

నా లెక్కకి లొంగని కన్సోల్ ఒకటుంది, అది సేగా వాళ్ల డ్రీమ్‌క్యాస్ట్. అమెరికాలో 1999 సెప్టెంబర్ 9న, 199 డాలర్లకి వచ్చింది. మంచి గేములు ఉన్నాయి, ధర తక్కువ, మొదట్లో అమ్మకాలూ బ్రహ్మాండం. కాపీ డిస్కులు కూడా చిప్ అక్కర్లేకుండా ఆడేవి, అంటే రెండో గేముకి కరువే లేదు. అయినా 2001 మార్చికల్లా తయారీ ఆపేశారు. జనం పీఎస్2 కోసం కాచుకు కూర్చున్నారు, సినిమాలూ ఆడుతుంది కదా అని. అంతకు ముందు సాటర్న్ అనే కన్సోల్ విషయంలో సేగా చేసిన పనులకి దుకాణాల వాళ్లు, గేములు చేసేవాళ్లు విసిగిపోయి ఉన్నారు, చేతిలో డబ్బూ లేదు. పాపం అనిపించే మెషిన్ ఏదైనా ఉంటే అదే.

ఇంకోటి కూడా చెప్పాలి, తొందరపడి తీర్పు ఇవ్వకూడదని. పీఎస్3 వచ్చినప్పుడు 2006లో 599 డాలర్ల మోడల్ చూసి అందరూ నవ్వారు, దానిలోని సెల్ ప్రాసెసర్‌కి గేమ్ రాయడం నరకమని చేసేవాళ్లే అన్నారు. 2009లో సన్న మోడల్‌ని 299కి దించారు, మెల్లగా లేచి చివరికి 8 కోట్ల 70 లక్షలు దాటింది. సంవత్సరం తిరక్కుండా ఫ్లాప్ అని రాసేసినవాళ్లు తర్వాత ఏమీ మాట్లాడలేదు.

సరే, బావ ఎక్స్‌బాక్స్ సంగతికి వద్దాం. ఎక్స్‌బాక్స్ దెబ్బతిన్నది ఈ రోజు కాదు, 2013లో. ఎక్స్‌బాక్స్ వన్ చూపించినప్పుడు రోజుకోసారి నెట్‌కి కలవాలి, వాడిన డిస్కులు ఇంకొకరికి ఇవ్వడానికి షరతులు అన్నారు. సోనీ వాళ్లు ఒక చిన్న వీడియో వదిలారు: పీఎస్4 గేమ్ స్నేహితుడికి ఎలా ఇవ్వాలి? ఒకాయన డిస్క్ పెట్టె ఇంకొకాయన చేతిలో పెడతాడు, అంతే వీడియో. మైక్రోసాఫ్ట్ జూన్ 19న వెనక్కి తగ్గింది కానీ జనం మనసులో పడ్డ ముద్ర పోలేదు. పైగా ధర 499, పీఎస్4 ఏమో 399. 2015 తర్వాత మైక్రోసాఫ్ట్ ఎన్ని అమ్మిందో లెక్క చెప్పడమే మానేసింది. లెక్క దాచారంటే ఏమిటో రొయ్యల చెరువు లీజుకిచ్చిన ఎవరినడిగినా చెబుతారు.

బావ వాదన ఏంటంటే, "డిస్కులు ఎవరిక్కావాలి బావా, నెలనెలా గేమ్ పాస్ కట్టుకుంటే వందల గేములు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొనుక్కో, చవక, చిన్నది, బ్యాగులో పడుతుంది." కువైట్‌లో కూర్చుని చూస్తే నిజమే. రూములో నలుగురు, వైఫై ఉంది, జీతం దినార్లలో. రెండో గేమ్ సమస్యే లేదు. కానీ అద్దె పెరుగుతుంది కదా. 2025 అక్టోబర్‌లో గేమ్ పాస్ అల్టిమేట్ ప్లాన్ అమెరికాలో నెలకి 19.99 నుంచి ఒక్కసారే 29.99 డాలర్లు అయింది. దానికి తోడు ఎక్స్‌బాక్స్‌లోనే ఆడాలి అనేవి ఏవీ మిగలడం లేదు. ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5కి వచ్చేసింది, గేర్స్ ఆఫ్ వార్ వచ్చింది, ఇక ఎక్స్‌బాక్స్‌కి పేరు తెచ్చిన హేలో కూడా పీఎస్5లో అని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. హేలోయే పక్క మెషిన్‌లో దొరికితే ఈ మెషిన్ ఎందుకు కొనాలి? నా అంచనా చెప్పేస్తున్నాను: ఎక్స్‌బాక్స్ అనే పేరు బతుకుతుంది, గేములు అమ్ముకునే కంపెనీగా బాగానే బతుకుతుంది (యాక్టివిజన్ అనే గేముల కంపెనీని దాదాపు 69 వందల కోట్ల డాలర్లు పోసి కొన్నారు మరి), టీవీ కింద పెట్టుకునే డబ్బాగా మాత్రం తగ్గిపోతూ వస్తుంది.

అక్టోబర్ అంటే గుర్తొచ్చింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కరెంటు పోయి, తర్వాత కరెంటు వచ్చినా నెట్ రాలేదు. మా పక్కింటి అబ్బాయి డిస్క్ లేని మోడల్ కొనుక్కున్నాడు, గేముల్లో సగం లాగిన్ అడుగుతాయి. నా దగ్గర ఉన్న పాత డిస్కుల కోసం వాడు, వాడి చెల్లి, ఎదురింటి ఇద్దరు పిల్లలు మా ఇంట్లో మకాం పెట్టారు. కాలిఫోర్నియాలో కూర్చుని ఇక అంతా డౌన్‌లోడే అని తేల్చేసేవాళ్లకి ఈ ముక్క ఎవరైనా చెప్పాలి. తుఫాను లేని రోజుల్లో కూడా వంద జీబీ గేమ్ దింపాలంటే రాత్రంతా పెట్టి పడుకోవాలి, మధ్యలో కరెంటు పోయి వస్తే పొద్దున్నే టెన్షన్.

పీఎస్5 గేమ్ కొత్తది మన దగ్గర దాదాపు ఐదు వేల రూపాయలు. నెలకో గేమ్ ఎవడు కొంటాడు? కానీ డిస్క్ అయితే ఆడేసి అమ్మొచ్చు, మార్చుకోవచ్చు, అరువు ఇవ్వొచ్చు. మా వాట్సాప్ గ్రూపులో ఒక గాడ్ ఆఫ్ వార్ డిస్క్ ఉంది, అది ప్రస్తుతం ఎవరి దగ్గరుందో కొన్నవాడికే తెలీదు. ఆఖరిసారి అమలాపురంలో కనిపించిందన్నారు.

స్విచ్ 2 ఇక్కడ నెగ్గదు అన్నది ఇందుకే. నింటెండో మన దేశంలో దాన్ని అధికారికంగా అమ్మడం లేదు. కావాలంటే దుబాయ్ నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో రావాలి, లేదా సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వారంటీ లేకుండా తెచ్చుకోవాలి. చేపల చెరువులున్న ఒకాయన కొడుకు దగ్గర చూశాను, ముచ్చటగా ఉంది, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు, కాబట్టి వాడికి గేమ్ కార్డులు (స్విచ్‌లో డిస్కుల బదులు ఇవే) మార్చుకునే తోడు లేదు. మారియో కార్ట్ వరల్డ్ అయితే 79.99 డాలర్లు. పైగా ఇప్పుడు గేమ్ కీ కార్డులని మొదలుపెట్టారు, కార్డులో గేమ్ ఉండదు, తాళం చెవి మాత్రమే ఉంటుంది, గేమ్ నెట్‌లో దింపుకోవాలి. ఆ కార్డు అమ్ముకోవడానికి పనికొస్తుందని సమర్థించేవాళ్లున్నారు. ఉండనీ, నాకు నచ్చలేదు.

తమ్ముడి స్టీమ్ మెషిన్ (స్టీమ్ గేములు టీవీ మీద ఆడే డబ్బా) సంగతి అసలైన చర్చ. వాల్వ్ కంపెనీ 2015లో ఒకసారి స్టీమ్ మెషిన్లని తెచ్చి చేతులు కాల్చుకుంది. అప్పట్లో తలో కంపెనీ తలో రకం డబ్బా చేసింది, లైనక్స్‌లో (విండోస్ బదులు ఆ డబ్బాలో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే గేములు తక్కువ. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని ఆడేది) నాటికి విండోస్ గేముల్ని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ సాఫ్ట్‌వేర్ బాగా పదునెక్కింది. అందుకే 2025 నవంబర్‌లో కొత్త స్టీమ్ మెషిన్ ప్రకటిస్తే ఈసారి ఎవరూ నవ్వలేదు. నా ప్రశ్న దీనికి వేస్తే జవాబు అదిరిపోతుంది: ఇప్పటికే స్టీమ్‌లో కొన్నవి చాలావరకు మొదటి రోజు నుంచే ఉంటాయి, సేల్ వస్తే మన రూపాయల్లో సమోసా ప్లేటు ధరకి కూడా గేములు దొరుకుతాయి. బయటివాళ్లకి అరువు ఇవ్వడం కుదరకపోయినా చవకే చవక.

"మరి ఒప్పుకున్నట్టేనా అన్నయ్యా?" అంటాడు. ఒప్పుకోను. సోనీ, మైక్రోసాఫ్ట్ లాగా నష్టానికి మెషిన్ అమ్మి గేముల మీద రాబట్టుకునే ఆలోచన వాల్వ్‌కి లేదు, పీసీ ధరే ఉంటుందన్నారు. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని మెమరీ చిప్‌ల ధరలు ఆకాశంలో ఉన్నాయి. స్టీమ్ డెక్‌నే మన దేశంలో వాళ్లు నేరుగా అమ్మలేదు, ఇదొక్కటి అమ్ముతారా? అమెరికాలో పేరు తెచ్చుకుంటుంది, అమ్మకాల్లో ప్లేస్టేషన్ దరిదాపుల్లోకి రాదు. ఇక్కడికి వచ్చేసరికి తమ్ముడి లాంటివాళ్లు సొంతంగా పీసీ కట్టుకుని దానికే ఆ పేరు పెట్టుకుంటారు.

మరి నా పార్టీ? పీఎస్5 2025 సెప్టెంబర్‌కి 8 కోట్లు దాటింది, జీటీఏ 6 గేమ్ కోసం కాచుకున్నవాళ్లు ఇంకెన్ని కొంటారో. అయినా నాకు నిశ్చింతేమీ లేదు. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎస్5 ప్రోకి డిస్క్ డ్రైవ్ తీసేశారు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి, వచ్చినప్పటి ధర చూస్తే 699.99 డాలర్లు. అది మన దేశంలో అప్పుడు రానేలేదు, దానిలోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇక్కడ అనుమతి లేక. పీఎస్6కి కూడా డ్రైవ్ విడిగానే అమ్మితే నాకు కోపమొస్తుంది కానీ కొంటాను. అసలు డ్రైవే లేకపోతే మాత్రం మా వైపు దాని సంగతి ముగిసినట్టే, అమెరికాలో పది కోట్లు అమ్ముకోనీ.

కొందామనుకునేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5, వాడినదైనా పర్లేదు, స్టెబిలైజర్ పెట్టుకోండి, ఉప్పు గాలి తగిలే ఊరైతే కిటికీ పక్కన పెట్టకండి. గ్రూపులో చేరాలంటే కనీసం ఒక డిస్క్ తెచ్చుకుని రావాలి. అమలాపురం వాళ్లెవరైనా చదువుతుంటే, ఆ గాడ్ ఆఫ్ వార్ మీ ఇంట్లో ఉందేమో ఒకసారి చూడండి బాబూ.