సంతకం పెట్టిన డాక్యుమెంట్, కాటా మీద ట్రాక్టర్

జూన్ ఆఖరులో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేము చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ గురించి. అది ఆగిపోలేదు, నిక్షేపంగా నడుస్తోంది. కాటా దగ్గర మాత్రం దాన్ని పక్కనబెట్టి పుస్తకంలో రాసుకుంటున్నారట.

తెల్లవారుజామునే తిరుపతిలో బస్సెక్కాను. వెళ్లేసరికి గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు. కాటా చూసే అన్న మా కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేసి ఉన్నాడు. "ఈ బండి చూడు స్వామీ" అన్నాడు. ముందు సగం తోతాపురి, వెనక సగం నీలం. రెండింటికీ ధర వేరు. నిండు బండి ఒకసారి తూస్తారు. నీలం దించాక మళ్లీ తూస్తారు. తోతాపురి కూడా దించాక ఖాళీ బండి తూస్తారు. మొత్తం మూడు తూకాలు. మా స్క్రీన్‌లో ఉన్నవి రెండే గళ్లు: నిండు, ఖాళీ.

'ఒక లోడుకు ఒకే రకం' అని డాక్యుమెంట్‌లో రాసింది నేనే. 84 పేజీల డాక్యుమెంట్ అది. జనవరిలో మేనేజర్ గారి ఏసీ గదిలో కూర్చుని అడిగి రాసుకున్నాను. కాటా దాకా నడిచి వెళ్లలేదు. ఫిబ్రవరిలో డిజైన్, మార్చి ఏప్రిల్ కోడింగ్, మేలో టెస్టింగ్. ఐదు నెలల్లో ఎవరికీ స్క్రీన్ చూపించలేదు. "మీరే సంతకం పెట్టారు కదా సార్" అన్నాను మేనేజర్‌తో, సిగ్గులేకుండా. "నేను కాగితం మీద పెట్టాను తమ్ముడూ. కాయ ట్రాక్టర్‌లో వస్తోంది" అన్నారాయన.

ఆ సీజన్ అంతా పుస్తకంలోనే గడిచింది. వచ్చే ఏటికి పద్ధతి మార్చకపోతే ఈ పని మన చేతిలో ఉండదని మా బాస్‌కి చెప్పాను. ఒక దశ పూర్తిగా అయ్యాకే తర్వాతి దశకి వెళ్లే మా పాత పద్ధతి, అంటే వాటర్‌ఫాల్, వదిలేసి రెండేసి వారాల విడతలు, అంటే స్ప్రింట్లు, ప్రతి స్ప్రింట్ చివర నడిచే ముక్క ఒకటి చూపించడం. చెప్పడం తేలికే. బాస్ ఒకే ప్రశ్న అడిగారు: "చివరికి ఏమిస్తావో ముందే చెప్పలేనప్పుడు, ఎంతకని కొటేషన్ రాయాలి?" నా దగ్గర జవాబు లేదు. అసలు తిప్పలన్నీ ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం. ఈ కొత్త పద్ధతిలో గోడకు పనుల చీటీలు అంటించడం, రోజూ నిలబడి మాట్లాడుకోవడం వారంలో వచ్చేస్తాయి.

వారం పది రోజులు గుంజాటన పడి ఇలా కుదుర్చుకున్నాం. మొత్తం డబ్బు మారదు. పాత కొటేషన్‌లో డిజైన్ మీద సంతకం పడగానే 30 శాతం వచ్చేది. అది తీసేసి, నడిచే ముక్క చేతికందిన నెలకే ఆ నెల వాయిదా అన్నాం. మధ్యలో కొత్తది కావాలంటే, అంతే పని పట్టే పాతదొకటి జాబితాలోంచి తీసేయాలి. మేనేజర్ గారు దీనికి వెంటనే ఒప్పుకున్నారు. మా బాసే ఒప్పుకోవడానికి టైం పట్టింది.

మా టీంలో పదహారేళ్ల అనుభవమున్న సీనియర్ ఒకాయన ఉన్నారు. "ప్లాన్ లేకుండా ఇల్లు కడతారా?" అని ఆయన వాదన. 1970లో విన్‌స్టన్ రాయ్స్ అనే ఆయన రాసిన వ్యాసం తీసి చూపించాను. వాటర్‌ఫాల్‌కి మూలమని అందరూ చెప్పే బొమ్మ అందులోదే. ఆ బొమ్మ వేసిన ఆయనే, దీన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ప్రమాదమని, టెస్టింగ్ చివర్లో పెట్టుకుంటే కొంప మునుగుతుందని అక్కడే రాశాడు. సీనియర్ చదివి నవ్వారు కానీ తగ్గలేదు. ఇలా ముక్కలు ముక్కలుగా చేసి చూపించే పద్ధతుల్ని అజైల్ అంటారు. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి రాసిన అజైల్ మ్యానిఫెస్టోలో డాక్యుమెంట్లు దండగని ఎక్కడుందో చూపించమన్నారు. లేదు మరి. నడిచే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువిస్తామన్నారంతే. ఆయన మాటలో పస ఉందని తర్వాత నాకే తెలిసొచ్చింది.

జనవరిలో మొదలుపెట్టాం. మామిడి లేని నెలలో ఏం చూపిస్తాం? కాటా అన్నే దారి చూపించాడు. చలికాలం అదే ఫ్యాక్టరీలో జామ గుజ్జు తీస్తారు. లోడ్లు తక్కువే గానీ తూకం తూకమే. మొదటి ముక్కగా టోకెన్, తూకం, స్లిప్పు మాత్రమే పెట్టుకున్నాం. రెండు వారాలన్నది మూడైంది, ప్రింటర్ సతాయించింది. నిజం జామకాయల బండికి మా స్లిప్పు బయటికొచ్చింది.

ఇక మా తప్పులు. స్టాండప్, అంటే రోజూ నిలబడి మాట్లాడుకునే 15 నిమిషాల మీటింగ్, గంట పట్టేది, ఎందుకంటే నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అడిగేవాణ్ణి. "ఇది స్టాండప్పా, అటెండెన్సా అన్నా?" అని ఒక కుర్రాడు అనేశాడు. ఆ రోజు నుంచి వెనక గోడకి ఆనుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. కష్టంగా ఉండేది. రెండోది, స్ప్రింట్ లోపలే మళ్లీ వాటర్‌ఫాల్ దూరింది. ఎనిమిది రోజులు కోడింగ్, ఆఖరి రెండు రోజులు టెస్టింగ్. టెస్టర్ అమ్మాయి మొదటి వారం ఖాళీగా కూర్చుని, రెండో శుక్రవారం రాత్రి తొమ్మిదిదాకా ఆఫీసులో ఉండేది. ఒకేసారి మూడు పనులకి మించి తెరవకూడదని కట్టడి పెట్టుకున్నాక ఆ బాధ తగ్గింది.

స్ప్రింట్ అయ్యాక ఎక్కడ తప్పామో మాట్లాడుకునే మీటింగ్‌ని రెట్రో అంటారు. అందులో మొదట ఎవరూ నోరు విప్పలేదు. పెద్దవాళ్ల ముందు తప్పులెంచడం మనకి అలవాటు లేదు కదా. పేరు రాయకుండా చీటీలు వేయమన్నాను. రెండోసారి ఒక చీటీలో ఇలా ఉంది: 'డెమోలో లీడ్ అబద్ధం చెప్పారు.' టీం లీడ్‌ని నేనే. చెప్పాను. రైతు చెల్లింపుల స్క్రీన్ దాదాపు అయిపోయిందని మేనేజర్‌తో అన్నాను. అప్పటికి బటన్లు ఉన్నాయి, వెనక ఏమీ లేదు. ఆ చీటీ చదివాక కాసేపు ఎవరి ముఖమూ చూడలేకపోయాను. మరుసటి డెమో నుంచి టెస్టర్ సరేనన్నవే చూపించాం. కొన్నిసార్లు అది ఒకే ఒక్క స్క్రీన్. మేనేజర్ గారు ఏమీ అనలేదు.

ఏప్రిల్‌లో సీనియర్ మాటే నెగ్గింది. త్వరగా చూపించాలన్న ఆత్రంలో మొదటి స్ప్రింట్‌లో నిండు తూకం, ఖాళీ తూకం ఒకే వరుసలో రెండు కాలమ్స్‌గా పెట్టేశాం. పోయినేడు కొంప ముంచినది అదే! జామకి ఒకే రకం కాబట్టి ఎవరికీ తట్టలేదు. మూడో తూకం చేర్చే పని వచ్చేసరికి డేటా దాచే టేబుల్‌నే విప్పాల్సొచ్చింది. ఒక్కో తూకం ఒక్కో వరుస, అన్నిటికీ టోకెన్ నంబరే లంకె. ఈ డిజైన్ ఆయన జనవరిలోనే అర పేజీలో గీసి నా టేబుల్ మీద పెట్టారు. నేను చూడలేదు. పది రోజులు పోయాయి. ఇప్పుడు ప్రతి స్ప్రింట్‌కి ముందు ఆయన అర పేజీ తప్పనిసరి.

మళ్లీ జూన్ వచ్చింది. ఈసారి నేను ముందే వెళ్లి కాటా గదిలో కూర్చున్నాను. మొదటి రెండు రకాల బండి రాత్రి ఎనిమిదికి వచ్చింది. మూడు తూకాలు, రెండు ధరలు, ఒక స్లిప్పు. రైతు దాన్ని హెడ్‌లైట్ ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, కాటా అన్న వైపు చాచాడు. "నంబర్ ఎంతన్నా? కనపడటం లేదు."

అన్న నావైపు తిరిగాడు. "అక్షరం పెద్దది చేయండి స్వామీ. రాత్రి పూట అందరూ ఇదే అడుగుతారు."

అక్కడి నుంచే టీంకి మెసేజ్ పెట్టాను. గురువారానికల్లా టోకెన్ నంబర్ బొటనవేలంత సైజులో ప్రింటైంది.