కొండవీడు ఘాట్ మీద ఫుల్ మారథాన్: ఎక్కుడు ఓకే, దిగుడే తేలట్లేదు

ఇంతకుముందు ఇక్కడ చేసిన లాంగ్ రన్‌లో లాగే, మళ్ళీ అదే కండ, మళ్ళీ దాదాపు అంతే దూరం దిగాక. ఈసారి షూ మార్చా, ఉప్పు సరిచేశా, రోడ్డు మీద పరిగెత్తే లైన్ కూడా మార్చా, అయినా మూడో దిగుడులో ఎడమ తొడ చేతులెత్తేసింది. రెండు రోజులుగా వాచ్ డేటా ముందేసుకుని కూర్చున్నా, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతున్నా, అయినా బుర్ర మాత్రం అక్కడే ఉంది, అందుకే మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నా, ఘాట్ల మీద పరిగెత్తేవాళ్ళెవరికన్నా ఇలా అయ్యుంటే చెప్పండి.

ప్లాన్ సింపుల్. గుంటూరులో మనకి కొండలెక్కడివి, ఎన్టీఆర్ స్టేడియంలో ఎన్ని రౌండ్లేసినా నేల బల్లపరుపే. కాబట్టి కొండవీడు. కింద చదునులో 2.2 కి.మీ. వార్మప్, తర్వాత ఘాట్ రోడ్డు 5 పైకి 5 కిందకి, అలా నాలుగు సార్లు, మొత్తం 42.2. ఒక్కో ఎక్కుడికి నా వాచ్ చూపించేది 250 మీటర్లకి అటూఇటూ, అంటే సగటున 5 శాతం వాలు, కానీ సగటుని నమ్మితే దెబ్బైపోతాం, మలుపుల్లో లోపలి అంచున 10 దాటుద్ది. తెల్లారుజామున నాలుగున్నరకి హెడ్‌ల్యాంప్ పెట్టుకుని మొదలెట్టా, మా తమ్ముడు బండి మీద నీళ్ళు పట్టుకుని కింద ఉన్నాడు. పూర్తయ్యేసరికి 5 గంటల 9 నిమిషాలు.

ఎక్కుళ్ళు నాలుగూ అద్భుతంగా వచ్చాయి, కిలోమీటరుకి 7 నిమిషాల 50 సెకన్ల (7:50) దగ్గర, నాలుగోది కూడా అంతే. అంతకు మించి వాటి గురించి చెప్పటానికేం లేదు.

ఇక దిగుడు సంగతి.

మొదటి దిగుడు కిలోమీటరు 5:15, కేడెన్స్ (నిమిషానికి వేసే అడుగులు) 178, హార్ట్ రేట్ 138. రెండోది 5:22, కేడెన్స్ 176, హార్ట్ రేట్ 136. రెండూ హాయిగా. మూడోది 27.2 దగ్గర పై నుంచి మొదలైంది, మొదటి కిలోమీటరు 5:25, ఇక్కడిదాకా ఏ తేడా లేదు. 28.6 దగ్గర ఎడమ మోకాలి చిప్ప పైన, లోపలి వైపు బొటనవేలంత కండ ఒకటి ఉంటుంది చూడండి, అది అడుగు పడ్డప్పుడల్లా వణకటం మొదలైంది. నొప్పి కాదు, వణుకు, షార్ట్ మీద నుంచి కూడా కంటికి కనపడుతోంది. ఇంకో 300 మీటర్లు పోయాక, అంటే 28.9 దగ్గర, కాలు వేయగానే మోకాలు నేను అనుకున్నదానికన్నా ఎక్కువ వంగింది, తర్వాత అడుగులో ఇంకొంచెం. అక్కడి నుంచి 800 మీటర్లలో పేస్ 5:25 నుంచి 7:40కి పడింది, కేడెన్స్ 164, కాలు నేల మీద ఉండే టైం 232 మిల్లీసెకన్ల నుంచి 281కి పెరిగింది. అదే టైంలో హార్ట్ రేట్ 118! గుండె రెస్ట్ తీసుకుంటోంది, ఊపిరి మామూలుగా ఉంది, కాలు మాత్రం బ్రేక్ వేయలేకపోతోంది.

నాలుగో దిగుడు సగం నడకే, 45 నిమిషాలు పట్టింది. మలుపు దగ్గర సీతాఫలాల గంప పెట్టుకున్న పెద్దావిడ నన్ను పొద్దుట్నుంచీ చూస్తోంది, "పైకి బానే పోయావు గదా అబ్బాయ్, దిగటానికేమొచ్చింది?" అంది. ఆమె అడిగిందే అసలు ప్రశ్న. నాలుగో ఎక్కుడు 32 తర్వాత, అంటే కాలు పడిపోయాక చేసింది, అయినా అదే 7:50, హార్ట్ రేట్ 162. ఒంట్లో గ్లైకోజెన్ (కండల్లో దాచుకున్న పిండిపదార్థపు ఇంధనం) అయిపోయుంటే ముందు ఎక్కుడు చచ్చుండాలి కదా. కాబట్టి "జెల్ (పరుగులో శక్తి కోసం మింగే తియ్యటి పేస్టు) తీసుకో బ్రో" అనే సలహా ఇక్కడ పనికిరాదు. గంటకి రెండు పల్లీ చిక్కీలు, నాలుగు ఖర్జూరాలు, నాకు ఇవే జెల్స్ కన్నా బాగా పడతాయి, కడుపులో తిప్పదు, ఖర్చు కూడా పదో వంతు.

ఉప్పు అనుమానం కూడా తీసేశా. ఎలక్ట్రాల్ పెద్ద సాచెట్ 21.8 గ్రాములది, లీటరుకి ఒకటి, సరిగ్గా లీటరే. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అంటే లీటరులో 75 మిల్లీమోల్స్ సోడియం, అంటే 1.7 గ్రాములు. అలాంటివి రెండు లీటర్లు, మామూలు నీళ్ళు ఇంకో 600 మి.లీ. బరువు బయల్దేరేముందు 68.4, అయ్యాక 67.1, రెండు శాతం కూడా తగ్గలా. పైగా ఇది కండ పట్టేయటం కాదు. పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుద్ది, నేను ఆగి చేత్తో నొక్కి చూశా, మెత్తగా ఉంది, పిండి ముద్దలాగా. పట్టేయటానికి, పని చేయలేకపోవటానికి తేడా ఉంది, దీన్ని మన రన్నింగ్ గ్రూపుల్లో ఎవరూ విడదీసి చెప్పరు, అన్నింటికీ మెగ్నీషియం మాత్ర వేసుకోమంటారు.

నాకు అర్థమైంది ఇది. పైకి ఎక్కేటప్పుడు తొడ కండ కుంచించుకుంటూ పని చేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ ఒంటి బరువుని ఆపుతుంది. ఈ రెండో పనికి ఆక్సిజన్ తక్కువే పడుతుంది, అందుకే హార్ట్ రేట్ చూసి దిగుడు ఈజీ అనుకుంటాం, కానీ కండ లోపలి పోగులు దెబ్బతినేది ఇందులోనే. నొప్పి కూడా అప్పటికప్పుడు రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో పీక్‌కి వస్తుంది. రెండో రోజు ల్యాబ్‌లో సీకే టెస్ట్ (కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైమ్‌ని కొలిచేది) చేయించా, 1,900 వచ్చింది, మామూలుగా రెండొందల లోపు ఉండాలి. డాక్టర్ గారు నీళ్ళు బాగా తాగమన్నారు, మూత్రం ముదురు టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు, ఇది అందరూ గుర్తు పెట్టుకోండి, కిడ్నీల సంగతి. నాకు రంగు మారలేదు.

బోస్టన్ మారథాన్‌లో జనం తొడలు పోగొట్టుకునేది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అక్కడ రేసు చివరి భాగంలో వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ అనే ఎక్కుడు గురించే అందరూ మాట్లాడతారు గానీ, మొదట్లోనే స్టార్ట్ ఉండే హాప్కింటన్ ఊరి నుంచి కిందకి దిగుతారు, మొత్తం మీద స్టార్ట్ కన్నా ఫినిష్ దాదాపు 140 మీటర్లు కింద ఉంటుంది, కొండ దగ్గరికొచ్చేసరికే తొడలు అరిగిపోయుంటాయి. సౌతాఫ్రికాలో జరిగే, మారథాన్‌కి రెట్టింపు పైన దూరముండే కామ్రేడ్స్ రేసులో కూడా పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి డర్బన్‌కి దిగే ఏడాది తొడలు నలిగిపోతాయని పరిగెత్తినవాళ్ళు చెప్తుంటారు.

ఇప్పుడు నా లెక్క చూడండి. ఫెయిలైంది 28.9 దగ్గర అని చూస్తే ఏమీ తెలియదు. దిగుడు మాత్రమే కలిపితే? మొదటిది 5, రెండోది 5, మూడోదాంట్లో 1.7, మొత్తం 11.7 కి.మీ., ఎత్తులో చూస్తే 600 మీటర్లకి కొంచెం తక్కువ. అంతకుముందు ఇక్కడే చేసిన లాంగ్ రన్ తీసి చూశా, అందులో కాలు చేతులెత్తేసింది 11.1 కి.మీ. దిగాక. మహారాష్ట్రలో సతారా హిల్ హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) నాకు చాలా బాగా వెళ్ళింది, అక్కడి యవతేశ్వర్ ఘాట్ సగం ఎక్కుడు సగం దిగుడు కాబట్టి దిగుడు పది కి.మీ.కి కొంచెం పైన, అంటే నా లిమిట్‌కి కొద్దిగా ముందే ఫినిష్ లైన్ వచ్చేసింది! అక్కడ అంత బాగా దిగగలిగినవాణ్ణి ఇక్కడెందుకు పడిపోతున్నానా అని ఇన్నాళ్ళూ జుట్టు పీక్కున్నా.

మరి ఎడమ కాలే ఎందుకు? మొదటి అనుమానం రోడ్డు వాలు. ఘాట్ రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి అంచులకి వాలుతుంది, ఎడమ అంచున దిగితే ఎడమ కాలు ఎప్పుడూ కిందే పడుతుంది. ఈసారి తెల్లారుజామున బండ్లు లేవు కాబట్టి మధ్యలో దిగా, మలుపుల్లో లోపలి నిటారు అంచు వదిలేసి బయటి వైపు పెద్ద వంపు తీసుకున్నా. లాభం 600 మీటర్లు, 11.1 కాస్తా 11.7 అయింది. అంతే. బండ్లు వచ్చే టైంలో మాత్రం ఈ పని చేయొద్దు.

రెండో అనుమానం షూ. ఇంతకుముందు సోల్ బాగా ఎత్తుగా మెత్తగా ఉన్న జత, ఈసారి యాసిక్స్‌లో గట్టి సోల్, వేళ్ళ వైపు కన్నా మడమ దగ్గర 10 మిల్లీమీటర్లు ఎత్తున్నది. పట్టు బాగుంది, మలుపుల్లో మడమ ఊగట్లేదు, నాకు నచ్చింది, కానీ తొడకి తేడా ఏం తెలియలా. కార్బన్ ప్లేట్ షూ (అడుగుని ముందుకు తోసేలా సోల్‌లో గట్టి రేకు పెట్టినవి) గురించి అడిగేవాళ్ళకి, ఘాట్ మీద అవి డబ్బు దండగ అని నా అభిప్రాయం, చదును రోడ్డు మీద వాటి దారి వేరు.

మూడో అనుమానమే ఇప్పుడు గట్టిగా ఉంది, చీలమండ. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించి, బొటనవేలు గోడకి ఎంత దూరంలో ఉందో కొలిచా. కుడి 11 సెం.మీ., ఎడమ 7. నాలుగు సెంటీమీటర్ల తేడా! కాలేజీలో కబడ్డీలో ఎడమ మడమ మెలిపడింది, అప్పుడు కట్టు కట్టి వదిలేశారు, బహుశా అప్పటి నుంచే బిగుసుకుపోయుండాలి. ఒంటికాలి మీద మడమ లేపుడు కుడికి 28, ఎడమకి 19 దగ్గర ఆగిపోయింది. అంటే దిగేటప్పుడు చీలమండ, పిక్క పంచుకోవాల్సిన బరువు ఎడమ వైపు తొడ మీద పడుతుందేమో. ఇది నా ఊహే, కానీ కొలతలు ఒకే వైపు చూపిస్తున్నాయి.

చేయబోయేవి. మొదట ఈ వారం చదునులో నడకే. ఇంట్లో 20 సెం.మీ. స్టూల్ మీద నుంచి ఒంటికాలితో 4 సెకన్లు లెక్కపెట్టుకుంటూ కిందకి దిగటం, ఎడమకి 3 సెట్లు, కుడికి 2. పిక్క కోసం మెట్టు అంచున మడమ కిందకి వదలటం, రోజూ. జిమ్‌లో బరువేసి స్క్వాట్స్ చేయమని చాలామంది అంటారు, నేను వాటికన్నా నిదానంగా కిందకి దిగేవాటినే నమ్ముతా, మనకి కావాల్సిన పని అదే కాబట్టి.

అసలు మందు దిగుడే. ఒకసారి గట్టిగా దిగి కోలుకున్న కండ, తర్వాతి దిగుడుకి తక్కువ దెబ్బతింటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. కాబట్టి రెండు వారాలకోసారి దిగుడు మాత్రమే చేస్తా, పైకి తమ్ముడి బండి మీద, కిందకి పరుగు, ముందు 6 కి.మీ., తర్వాత 8, 10, 12. ఎక్కుడు అలసట లేకుండా ఇలా విడిగా చేస్తే ఆ 11.7 నంబరు కదులుతుందా లేదా అనేది తేలిపోతుంది. కేడెన్స్ 180 తగ్గకుండా చిన్న అడుగులు, ఇది కూడా ఒక టెస్టే.

కోటప్పకొండ ఘాట్ కూడా లిస్టులో ఉంది, కానీ కార్తీకంలో ఆ జనంలో పరిగెత్తటం కుదరదు, నెల అయిపోయాక వెళ్తా, శివరాత్రి ప్రభల హడావుడి మొదలయ్యేలోపు ముగించాలి. కొండపల్లి అడవి దారి మీద కూడా మనసుంది, విజయవాడ ఫ్రెండ్ ఒకతను రాళ్ళ దారిలో అడుగు చిన్నదవుతుంది కాబట్టి తొడకి మేలే అంటున్నాడు, నాకింకా నమ్మకం కుదర్లేదు, డెకాథ్లాన్ ట్రైల్ షూ ఒక జత ఉంది, దానికి గ్రిప్ బాగుంది, ఒకసారి వెళ్ళి చూడాలి. చీలమండ కొలత ప్రతి ఆదివారం రాసి పెడతా, 7 నుంచి 9కి వచ్చిన రోజున మళ్ళీ కొండవీడు నాలుగు రౌండ్లు.